కలసి సాగే బాటలో వేగం ఎవరిది?

మోటారు సైకిలు మన ఉద్యోగులకు విలాస వస్తువుగా ఉండిన రోజులు గతించినవి. తెల్లవారుజామున విధులకు హాజరు కావలసిన లోకో పైలటుకు, అర్ధరాత్రి డ్యూటీ దిగి బస్సు దొరకని వేళ ఇల్లు చేరవలసిన ఆర్.ఎం.ఎస్. సార్టరుకు, నాలుగైదు గ్రామాలకు టపా అందించవలసిన గ్రామీణ డాక్ సేవకునికి అది నిత్యావసరం. అదే వాహనం సెలవు దినాన వినోద సాధనంగా మారుతున్నది. ఒకే డిపోలో, ఒకే తపాలా కార్యాలయంలో పనిచేసే ఐదారుగురు మిత్రులు కలసి బండ్లపై ఏ కొండకో, ఏ జలపాతానికో, ఏ తీర్థానికో బయలుదేరడం నేడు సర్వసాధారణమైనది. ఇది సంతోషించదగిన విషయమే. ఏడాది పొడవునా వేర్వేరు షిఫ్టులలో ముఖాలు చూసుకోని వారు ఒక రోజైనా కలసి తిరగడం స్నేహానికి మంచిది.

అయితే ఇట్టి ప్రయాణాలలో తరచుగా ఒక పేచీ తలెత్తుతున్నది. అది వేగానికి సంబంధించిన పేచీ. ఒకరికి గంటకు 50 కిలోమీటర్లు హాయి, మరొకరికి 80 అయినా చాలదు. ముందుపోయేవారు వెనుకవారి కొరకు ఎదురుచూసి విసుగుచెందుతారు. వెనుకవారు ముందువారిని అందుకొనే ఆరాటంలో అలసిపోతారు. సాయంకాలానికి ఇరుపక్షాలకూ ప్రయాణం చేదవుతుంది. చూచుటకు ఇది అల్పమైన విషయంగా తోచవచ్చును. కానీ కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2022వ సంవత్సరంలో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఇట్టి దేశంలో రోడ్డుపై వేగాన్ని గూర్చిన అభిప్రాయభేదం కేవలం అభిరుచికి సంబంధించినది కాజాలదు.

ఈ విషయమై మా అభిప్రాయం సూటిగా చెబుతాము. కలసి బయలుదేరిన వారి వేగాన్ని నిర్ణయించవలసినది అందరికంటె నిదానంగా నడిపే వ్యక్తి. అది ఇష్టంలేనివారు విడిగా పోవచ్చును, అందులో తప్పు లేదు. కలసి పోతున్నామని చెప్పి, రోడ్డెక్కిన తరువాత తోటివానిని వెనుక వదలివేయడమే తప్పు.

భేదం సహజమైనది

వేగంలో తేడా పిరికితనం వలననో, ధైర్యం వలననో వచ్చేది కాదు. ముందుగా యంత్రంలోనే భేదమున్నది. మద్రాసులో 1955 నుండి తయారైన బుల్లెట్, మైసూరులో తయారైన యెజ్డీ, 1972లో వచ్చిన లూనా మోపెడ్, 1985లో వచ్చిన 100 సి.సి. హీరో హోండా, వీటన్నింటినీ ఒకే రోడ్డుపై చూచిన తరం మనలో ఇంకా ఉన్నది. నేడు పేర్లు మారినవి గాని స్థితి మారలేదు. ఒకే బృందంలో 350 సి.సి. బండి ఉంటుంది, 100 సి.సి. బండి ఉంటుంది, మోపెడ్ ఉంటుంది, బ్యాటరీ స్కూటరు కూడా ఉంటుంది. పెద్ద బండికి సునాయాసమైన వేగం చిన్న బండికి ప్రాణాంతకమైన శ్రమ. బ్యాటరీ స్కూటరు వేగం పెంచిన కొలది గాలి నిరోధం పెరిగి, ఒకసారి చార్జితో పోగల దూరం తరిగిపోతుంది. బ్రేకులలోనూ తేడా ఉన్నది. 2019 ఏప్రిల్ నుండి అమ్మే వాహనాలలో 125 సి.సి.కి మించిన వాటికి చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. అంతకు పూర్వపు బండ్లలో అనేకం డ్రమ్ము బ్రేకులతోనే ఇంకను తిరుగుతున్నవి. ముందుబండి కొత్తది, వెనుకబండి పాతది అయినప్పుడు, ముందువాడు ఆగగలిగిన చోట వెనుకవాడు ఆగలేడు.

యంత్రం సంగతి అట్లుండగా, మనిషి స్థితి వేరు. ఒకరు ఒంటరిగా వస్తారు. మరొకరు భార్యను, చంటిబిడ్డను వెంటబెట్టుకొని వస్తారు. నాలుగేళ్ల లోపు బిడ్డ ఉన్న ద్విచక్ర వాహనం గంటకు 40 కిలోమీటర్లకు మించి పోరాదని 2022లో ప్రకటించిన నిబంధన 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చినది. అట్టి సహచరుడిని 60 వేగంతో రమ్మనడం చట్టాన్ని ఉల్లంఘించమని కోరడమే. ఒకరికి కంటిచూపు మందగించి ఉండవచ్చును. ఒకరు పూర్వం ఒకసారి పడి, కాలు విరిగి, మరల ఇటీవలనే బండి పట్టి ఉండవచ్చును. ఒకరు ఏడాది క్రితమే నడపడం నేర్చిన సోదరి కావచ్చును. వీరెవ్వరూ తమ నిదానానికి సంజాయిషీ ఇచ్చుకోవలసిన అగత్యం లేదు.

తోకభాగాన జరిగేది

ముందు పోయేవాడు సాధారణంగా ఇట్లంటాడు: "నేను 60 దాటలేదు. వెనుకవారెందుకు వెనుకబడుతున్నారో అర్థం కాదు." ఆయన చెప్పినది నిజమే కావచ్చును. అయినను వెనుకవాడు 80తో పరుగెత్తవలసి రావచ్చును. ఇది ఎట్లు సంభవమో కొంచెం లెక్క వేసి చూడవలసి ఉన్నది.

ఆరు బండ్లు వరుసగా, ఒక్కొక్కదానికి నడుమ రెండు సెకన్ల వ్యవధితో పోతున్నవని అనుకొందాము. అనగా మొదటి బండికి, చివరి బండికి నడుమ పది సెకన్లు. ఒక ఊరిలో స్పీడు బ్రేకర్ల వద్ద అందరూ 20 వేగానికి దిగినారు. ఆ వేగంలో పది సెకన్లంటే సుమారు 55 మీటర్లు. మొదటివాడు ఊరు దాటగానే 60కి పెంచినాడు. చివరివాడు ఇంకను ఊరిలోనే ఉన్నాడు. అతడు పది సెకన్ల తరువాత అదే చోట అదే విధంగా వేగం పెంచినప్పటికీ, ఆసరికి నడుమ దూరం సుమారు 165 మీటర్లు అయిపోతుంది. కాలంలో అతడు వెనుకబడలేదు. అదే పది సెకన్లు ఉన్నది. కంటికి మాత్రం ముందుబండి మూడింతలు దూరంగా కనబడుతుంది. "నన్ను విడిచిపోయినారు" అని తలచి అతడు 80 పట్టినాడనుకొందాము. పెరిగిన ఆ 110 మీటర్లు పూడ్చుకొనుటకు అతనికి ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో అతడు ఇంచుమించు 450 మీటర్లు తనకు అలవాటులేని వేగంతో ప్రయాణిస్తాడు. ఇట్లు ప్రతి ఊరి వద్ద, ప్రతి గేటు వద్ద, ప్రతి మలుపు వద్ద జరుగుతుంది.

60 నుండి 80కి వేగం మూడో వంతే పెరిగినది. కానీ బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, అది ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. బృందంలో అందరికంటె నిదానంగా నడిపేవాడే, అందరికంటె తక్కువ నైపుణ్యం కలవాడే, అందరికంటె ఎక్కువ వేగంతో పోవలసిన విపరీత పరిస్థితి ఇది. ముందుపోయేవాని మనసులో ఏ దురుద్దేశమూ లేకుండానే ఇంత జరుగుతున్నది. ఈ సంగతి తెలిసిన పిమ్మట కూడా మారకపోతేనే అది దోషం.

రైలు నేర్పే పాఠాలు

ఈ సమస్యకు పరిష్కారాన్ని రైల్వే ఉద్యోగులు ఎక్కడో వెదకనక్కరలేదు. గూడ్సు బండికి కూర్చిన వాహనాలలో దేనికి అనుమతించిన వేగం అతి తక్కువో, ఆ వేగమే బండి అంతటికీ హద్దు. ఇంజను ఎంత శక్తివంతమైనదన్న ప్రశ్న అక్కడ పుట్టదు. ఆ ఒక్క వ్యాగను కారణంగా తక్కినవాటి గౌరవం తగ్గినదని ఎవ్వరూ అనుకోరు.

రెండవ పాఠం వేగ నియంత్రణ బోర్డులది. ట్రాకు బలహీనంగా ఉన్నచోట తక్కువ వేగంతో పోవలసిన లోకో పైలటు, ఇంజను ఆ భాగాన్ని దాటగానే వేగం పెంచడు. బండి పొడవును లెక్కలోకి తీసుకొని, గూడ్సు బండ్లకు టి/జి అనీ, పాసింజరు బండ్లకు టి/పి అనీ వేర్వేరు బోర్డులు ముందుకు జరిపి పాతి ఉంటవి. చివరి పెట్టె కూడా ఆ భాగాన్ని దాటినదని ఆ బోర్డు తెలుపుతుంది. అటు పిమ్మటనే వేగం. పైన చెప్పిన ఊరి ఉదాహరణకు ఇంతకంటె మంచి జవాబు లేదు. బృందంలో మొదటివాడు ఊరు దాటిన వెంటనే గాక, చివరివాడు ఊరు దాటిన తరువాత వేగం పెంచితే, వెనుకవారి పరుగు దానంతట అదే ఆగిపోతుంది.

మూడవది చివరి వాహనపు గుర్తు. బండి స్టేషను దాటినప్పుడు వెనుకనున్న ఎల్.వి. బోర్డును గాని, రాత్రివేళ తోక దీపాన్ని గాని చూచిన తరువాతనే బండి సమగ్రంగా వచ్చినదని స్టేషను మాస్టరు నిర్ధారించుకొనే పద్ధతి తరతరాలుగా ఉన్నది. నేడు అనేక సెక్షన్లలో ఆక్సిల్ కౌంటర్లు ఈ పనికి తోడ్పడుతున్నప్పటికీ సూత్రం అదే. ఇంజను వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్లు కాదు. తపాలా సోదరులకు కూడా ఇది కొత్త కాదు. మెయిలు వ్యాను వచ్చినదని సంతకం పెట్టరు. జాబితా ప్రకారం సంచులన్నీ సరిచూసుకొని పెడతారు. ఒక్క సంచి తక్కువైనా వచ్చిన సంచుల సంఖ్య చూసి ఎవ్వరూ తృప్తిపడరు. తోటి మనిషి విషయంలో అంతకంటె తక్కువ శ్రద్ధ చాలునా?

ఒక్క విషయంలో మాత్రం ఈ పోలిక చెల్లదు. రైలు పెట్టెలకు కప్లింగు ఉన్నది, మన బండ్లకు లేదు. పెట్టె ఇంజనును గుడ్డిగా అనుసరించవచ్చును, మోటారు సైకిలిస్టు అట్లు అనుసరించరాదు. ముందువాడు లారీని దాటినాడు గనుక నేనూ దాటవచ్చునని వెనుకవాడు తలచడం బృంద ప్రయాణాలలోకెల్ల ప్రమాదకరమైన అలవాటు. ముందువాడు దాటినప్పుడు ఖాళీగా ఉన్న ఎదుటి దారి, రెండు సెకన్ల తరువాత ఖాళీగా ఉండవలసిన నియమం లేదు. దాటడమా, మానడమా అన్నది ఎవరికి వారు తమ కంటితో చూసి తేల్చుకోవలసినది.

వేగరుల వాదన

వేగంగా పోగోరేవారి మాట కూడా వినవలసి ఉన్నది. వారందరూ దుడుకువారని కొట్టివేయడం న్యాయం కాదు. పెద్ద బండిని గంటల తరబడి 40 వేగంతో నడపడం విసుగు మాత్రమే గాక అలసట కూడా అని వారంటారు. నిజమే. విసుగు వలన ఏకాగ్రత చెడుతుంది. నాలుగు వరుసల రహదారిపై లారీలు, బస్సులు 70, 80తో వస్తుండగా మరీ నిదానంగా పోవడమూ అపాయమేనంటారు. అందులోనూ సత్యమున్నది. 2018లో కేంద్రం నిర్ణయించిన ప్రకారం నాలుగు వరుసలు, ఆపైన ఉన్న విభజిత రహదారులపై ద్విచక్ర వాహనానికి గరిష్ఠ వేగం 80, పురపాలక పరిధిలో 60. ఆ హద్దులకు లోబడి, తన బండిని, తన నేర్పును ఎరిగి 70తో పోయే వ్యక్తిని నేరస్థునిగా చూడనక్కరలేదు.

అయితే ఈ వాదనల నుండి తేలేది విడిగా పోవలసిన అవసరమే గాని, నిదానస్థుని తరుముకొనిపోయే హక్కు కాదు. 50 కిలోమీటర్ల దూరాన్ని 50 వేగంతో పోతే గంట, 60తో పోతే యాభై నిమిషాలు. వెరసి లాభం పది నిమిషాలు, ఒక టీ తాగే సేపు. ఆ పది నిమిషాలు ముందుగా చేరినవాడు చేసేది కూడా టీ దుకాణం ముందు నిలిచి తోటివారి కొరకు చూడడమే. పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలన్న పెద్దల మాట ఇట్టి వారిని చూచే పుట్టి ఉంటుంది.

నిదానస్థునికి కూడా బాధ్యతలున్నవి. తన వేగమెంతో బయలుదేరక ముందే నిస్సంకోచంగా చెప్పవలెను. బండి గొలుసు, టైర్లలో గాలి, బ్రేకులు, దీపాలు సరిచూసుకొని రావలెను. రోడ్డు ఎడమవైపున పోతూ, వెనుకనుండి వచ్చేవారికి దారి ఇవ్వవలెను. అడుగడుగునా ఫొటోలకు ఆగి, ఆ జాప్యానికి నిదానమని పేరు పెట్టరాదు. నిదానం వేరు, నిర్లక్ష్యం వేరు.

ఆచరణలో

ఉదాహరణకు విశాఖపట్నం నుండి అరకులోయకు పోయే దారిని తీసుకొందాము. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వలన ఈ లోయ రైల్వే వారికి సుపరిచితం. రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు దాదాపు మైదానం, ఆపైన అనంతగిరి ఘాటు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున లోయ. ఆరుగురు ఆరు రకాల బండ్లతో ఈ దారిన పోవలెనంటే ఏమి చేయవలెను?

బయలుదేరే చోటనే ఐదు నిమిషాలు కూడి మాట్లాడుకోవలెను. ఎవరి వేగమెంత, ఎక్కడెక్కడ ఆగాలి, దారిలో బండి చెడిపోతే ఎవరు ఆగాలి అన్నవి తేల్చుకోవలెను. దారి తెలిసి, నిదానంగా నడిపే స్వభావం కలవారు ముందుండాలి. అందరికంటె నిదానంగా పోయేవారు ఆయన వెంటనే రెండవ స్థానంలో ఉండాలి. ముందువాడు అద్దంలో అతనినే చూస్తూ పోతాడు కనుక వేగం దానంతట అదే కుదురుతుంది. అందరికంటె అనుభవం కలవారు, మరమ్మతు పనిముట్లు, ప్రథమ చికిత్స పెట్టెతో చివరన ఉండాలి. మన భాషలో చెప్పాలంటే ఆయనే గార్డు. ఆయన ఎవ్వరినీ దాటిపోరాదు. సాధారణంగా వేగరులు ముందుండి, కొత్తవారు తోకన ఉంటారు. మేము చెప్పేది దానికి సరిగ్గా తలక్రిందులు.

దారి చీలే ప్రతి చోట, ముందువాని వెనుకనున్న బండి ఆగి, చివరి మనిషి వచ్చేదాక దారి చూపుతూ నిలబడే పద్ధతి అనేక దేశాల మోటారు సైకిలు సంఘాలలో ఉన్నది. పాయింట్స్‌మన్ చేసే పని ఇదే. ఈ పద్ధతిలో ముందుబండి కనుమరుగైనా ఎవ్వరికీ దారి తప్పుతామన్న భయం ఉండదు. భయం లేనప్పుడు పరుగూ ఉండదు. పోతూ పోతూ ఫోన్లు ఎత్తవలసిన అగత్యమూ తప్పుతుంది.

మైదానంలో ఇట్లు వరుసగా పోయి, శృంగవరపుకోటలో ఆగి తలలు లెక్కపెట్టుకోవలెను. ఘాటులో మాత్రం వరుస పట్టింపు విడిచిపెట్టడం మంచిది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇద్దరిని మోసే 100 సి.సి. బండి రెండవ గేరులో పోవలసి వస్తుంది. పెద్ద బండి ఆ వేగానికి కట్టుబడితే దానికీ ఇబ్బందే. కనుక ఘాటు మొదట్లోనే "ఎవరి నడక వారిది, అనంతగిరిలో కలుద్దాము" అని ప్రకటించి విడిపోవలెను. చివరనున్న ఆయన మాత్రం నిదానస్థుని విడువరాదు. వానాకాలపు మంచులో, తడిసిన మలుపులలో ఈ నియమం మరింత ముఖ్యం. దిగేటప్పుడు బ్రేకుమీదనే ఆధారపడక, తక్కువ గేరులో ఇంజను పట్టుతో దిగవలెను. ఘాటు దిగడంలో పందెం పెట్టేవారిని బృందంలోకి తీసుకోకపోవడమే ఉత్తమం.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఘాటులో వేగరులకు స్వేచ్ఛ లభించినది, నిదానస్థునికి భద్రత లభించినది. ఒకరి కొరకు మరొకరు బలి కాలేదు. కారణం, విడిపోవడం ముందుగా చెప్పి విడిపోవడం, కలుసుకొనే చోటు ముందుగా చెప్పి ఉంచడం. బృందం పెద్దదైతే మొదటి నుండే రెండు జట్లుగా చీలి, ఒకటి అరగంట ముందుగా బయలుదేరవచ్చును. లూపు లైనులో గూడ్సును నిలిపి ఎక్స్‌ప్రెస్సును పంపడం వలన గూడ్సుకు అవమానం లేదు, రెండూ గమ్యం చేరుతవి.

మనకు ప్రత్యేకమైనది

ఇతరులకంటె మన శాఖల వారికి ఎక్కువగా వర్తించే విషయం నిద్ర. రాత్రి వర్కింగు ముగించుకొని వచ్చిన లోకో పైలటు గాని, ట్రెయిన్ మేనేజరు గాని, రాత్రంతా టపా వేరుచేసిన సార్టరు గాని, మిత్రుల మాట కాదనలేక ఉదయమే బండెక్కడం మనం ఎరుగని సంగతి కాదు. అట్టివాని చూపు రోడ్డుపై ఉన్నా మెదడు నిద్రలో ఉంటుంది. అతడు నిదానంగా పోయినా అపాయమే. కనుక డ్యూటీ పట్టికలు చూసుకొని, అందరికీ పూర్తి విశ్రాంతి లభించిన రోజునే బయలుదేరవలెను. ఆ రోజు దొరకకపోతే ప్రయాణం వాయిదా వేసుకోవలెను. కొండ ఎక్కడికీ పోదు.

హెల్మెట్ గూర్చి వేరే చెప్పనక్కరలేదు. నడిపేవారికే గాక వెనుక కూర్చున్నవారికి కూడా అది చట్టరీత్యా విధి. "నలుగురూ పెట్టుకోలేదు" అన్న మాట నలుగురిలో ఒక్కరు మొదట పెట్టుకుంటే మూతపడుతుంది.

ఇక చివరగా వెక్కిరింపు గూర్చి చెప్పవలసి ఉన్నది. నిదానస్థుడు తన వేగం చెప్పలేకపోవుటకు కారణం రోడ్డు కాదు, మన నోరు. "ఎద్దుల బండిలో రావలసింది", "మీ ఆవిడను నడపమను" వంటి మాటలు హాస్యంగానే అంటాము. ఆ మాట పడినవాడు మరుసటిసారి నోరెత్తడు. నోరెత్తక మనతో సమానంగా పరుగెత్తుతాడు. ఆ హాస్యానికి మూల్యం చెల్లించేది అతని కుటుంబం. అట్టి మాట ఎవరి నోట వచ్చినా, అక్కడున్న పెద్దలు వెంటనే వారించవలెను.

సోదర సోదరీ ఉద్యోగులకు మా మనవి ఇది. ఈ సెలవులలో కలసి బయలుదేరేవారు, బండి స్టార్టు చేయక ముందే ఒక్క ప్రశ్న వేసుకోండి: "మనలో అందరికంటె నిదానంగా పోయేది ఎవరు?" జవాబు నవ్వులేకుండా వినండి. ఆయనను రెండవ స్థానంలో నిలపండి, లేదా కలుసుకొనే చోటు నిర్ణయించుకొని మర్యాదగా విడిపొండి. ప్రతి మజిలీలోనూ తలలు లెక్కపెట్టండి. చివరి మనిషి వచ్చేవరకు మీ బృందం వచ్చినట్లు కాదు.